మాట ఎక్కడ గుచ్చుకుంటుంది: జాతి, రంగు, రోజువారీ మాటల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వేరే రంగు, వేరే మొహం, వేరే యాస ఉన్నవాళ్లతో కలిసి పనిచేసేవాళ్లు, చదువుకునేవాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలివి. కొన్ని నన్ను నేనే అడుక్కున్నవి. కొన్ని మాట అన్నవాళ్ల వైపు నుంచి వచ్చాయి, కొన్ని మాట పడ్డవాళ్ల వైపు నుంచి. నేను రెండు వైపులా నిలబడ్డవాడినే. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

"జాతి" అంటే ఇక్కడ ఏమిటి?

తెలుగులో ఈ మాట నెత్తిన చాలా బరువులున్నాయి. దేశ ప్రజలంతా ఒక జాతి, పులులు ఒక జాతి, విత్తనాల్లో మేలు జాతి. కులాన్ని కూడా జాతి అనేవాళ్లున్నారు. ఇక్కడ మాత్రం ఒంటి రంగు, మొహం తీరు, జుట్టు, పూర్వీకులు ఎక్కడివాళ్లు అన్నవి చూసి మనుషులు ఒకరినొకరు ఏ గుంపులో వేస్తారో దాన్నే జాతి అంటున్నాను. ఐక్యరాజ్యసమితి 1965లో ఆమోదించిన జాతి వివక్ష నిర్మూలన ఒప్పందం కూడా జాతి ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. రంగు, వంశం, జాతీయ మూలం, తెగ మూలం అన్నీ కలిపి రాసింది. రోజువారీ జీవితంలో ఇవి విడివిడిగా దొరకవు మరి. ఒక్క వెక్కిరింతలోనే రంగూ, యాసా, దేశమూ మూడూ ఉంటాయి.

సైన్స్ ప్రకారం జాతులే లేవంటారు కదా, మరి గొడవెందుకు?

అది సగం నిజం. మనుషుల మధ్య తేడాలే లేవని సైన్స్ అనలేదు. మనం గీసుకున్న గుంపుల గీతల ప్రకారం ఆ తేడాలు లేవంది. 1972లో రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త లెక్క వేస్తే, మనుషుల్లో ఉన్న జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలే కనిపించింది. జాతికీ జాతికీ మధ్య ఉన్నది 6 శాతం చిల్లర. జాతి అన్నది ప్రకృతి చేసినదానికంటే సమాజం అల్లుకున్న కథే ఎక్కువని యునెస్కో 1950లోనే ప్రకటించింది.

కానీ దేశాల సరిహద్దు గీత కూడా నేల మీద కనపడదు. దాటి చూడండి, పట్టుకుంటారు. మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగో నగరాల్లోని ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 ఉత్తుత్తి రెజ్యూమెలు పంపారు. అర్హతలకూ పేర్లకూ సంబంధం లేకుండా, కొన్నిటి మీద ఎమిలీ, గ్రెగ్ లాంటి తెల్లవాళ్ల పేర్లు పెట్టారు, కొన్నిటి మీద లకీషా, జమాల్ లాంటి నల్లజాతివాళ్ల పేర్లు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. తెల్లవాళ్ల పేర్లున్న వాటికి 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. లకీషా జన్యువుల్ని ఎవరూ పరీక్షించలేదు, పేరు చదివారంతే.

నాకు అలాంటి ఉద్దేశమే లేదు. అయినా తప్పు నాదేనా?

ఒకసారి మా ఆఫీసులో జరిగింది చెప్తాను. మీటింగ్ ఇంకా మొదలవ్వలేదు. నల్లజాతి మహిళ ఒకావిడ గోడ పక్కన నిలబడి కాగితాలు సర్దుకుంటోంది. లోపలికి వచ్చిన ఒక పెద్దాయన చిరునవ్వుతో, తల ఊపి మరీ, తన ఖాళీ కప్పు ఆవిడ చేతిలో పెట్టి వెళ్లి కూర్చున్నాడు. ఆ రోజు అందరికీ ప్రెజెంటేషన్ ఇవ్వాల్సింది ఆవిడే. ఆ కప్పు వైపు రెండు సెకన్లు చూసింది. బల్ల చివర పెట్టింది. స్లైడ్లు మొదలుపెట్టింది. ఎప్పుడూ గడగడా మాట్లాడే మనిషి, మొదటి మూడు స్లైడ్లూ తడబడింది. విషయం అర్థమయ్యేసరికి పెద్దాయన మొహం కందిపోయింది.

ఆయనకి చెడు ఉద్దేశం ఉందా అంటే లేదు. ఆవిడ తడబడలేదా అంటే తడబడింది. ఆయన చెడ్డవాడు కాదని నిరూపించినంత మాత్రాన ఆ మూడు స్లైడ్లు వెనక్కి రావు. అలాగే ఆవిడకి బాధ కలిగిందని తేలినంత మాత్రాన ఆయన జాత్యహంకారి అయిపోడు. ఇవి రెండు వేరు లెక్కలు. కలిపి రాస్తే ఏదీ తేలదు.

బ్రిటన్ సమానత్వ చట్టం (2010) ఈ చిక్కుని బాగానే పట్టుకుంది. వేధింపు అనడానికి ఉద్దేశం ఉన్నా చాలు, ప్రభావం ఉన్నా చాలు అంటుంది. అయితే ప్రభావాన్ని తేల్చేటప్పుడు మూడు విషయాలు చూడమంటుంది: పడ్డ మనిషికి ఎలా అనిపించింది, చుట్టూ పరిస్థితి ఏమిటి, అలా అనిపించడం సమంజసమేనా. నాకు ఆ మూడోది నచ్చుతుంది. "నాకనిపించింది, అంతే" అని ఒకరు, "నేననుకోలేదు, అంతే" అని ఇంకొకరు తలుపులేసుకుంటే, ఆ తలుపుల మధ్య కాలు అడ్డం పెట్టేది అదే.

"మీది ఎక్కడ?" అని అడిగినా తప్పేనా?

తప్పు కాదు. రెండోసారి అడిగితేనే చిక్కు.

"మీరెక్కడివారు?"
"ఇక్కడే, ఈ ఊరే."
"అది కాదండీ, అసలు ఎక్కడ?"

అంతా ఆ "అసలు"లో ఉంది. ఆవిడ ఇచ్చిన జవాబు చెల్లదని, ఈ ఊరు ఆవిడది కాదని, ఆ ఒక్క మాటతో తేల్చేశారు మీరు. ఆవిడ అమ్మ కూడా ఆ ఊళ్లోనే పుట్టి ఉండొచ్చు. కుతూహలం ఉంటే ముందు మీ సంగతి చెప్పండి: "నేను వచ్చి పదేళ్లయింది, ఇక్కడి యాస ఇంకా పట్టుబడలేదు." చెప్పాలనిపిస్తే వాళ్లే అందుకుంటారు. అందుకోకపోతే ఎండ గురించి మాట్లాడుకోండి.

ఇంత చిన్నవాటికి కూడా రాద్ధాంతమా?

ఈ చిన్నవాటికి "మైక్రో అగ్రెషన్" అని 1970లో పేరు పెట్టింది చెస్టర్ పియర్స్. హార్వర్డ్‌లో పనిచేసిన నల్లజాతి మానసిక వైద్యుడు. చాలా ఏళ్ల తర్వాత, 2007లో, డెరాల్డ్ వింగ్ సూ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు వీటిని మూడు రకాలుగా విడదీశారు. తెలిసి చేసే చిన్న దాడి ఒకటి. తెలియకుండా చేసే అవమానం రెండోది. ఖాళీ కప్పు కథ దీని కిందకి వస్తుంది. మూడోది, పడ్డవాళ్ల అనుభవాన్నే కొట్టిపారెయ్యడం: "నువ్వే ఎక్కువ ఊహించుకుంటున్నావ్." నన్నడిగితే మొదటి రెండింటికన్నా ఇదే ఎక్కువ రోజులు ఉంటుంది మనసులో.

దీనికి ఎదురు వాదన కూడా వినాలి. 2017లో స్కాట్ లిలియన్‌ఫెల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఈ భావనకి పరిశోధన పునాది ఇంకా గట్టిగా లేదని, ఏది మైక్రో అగ్రెషనో ఏది కాదో గీత స్పష్టంగా లేదని, అది తేలేదాకా శిక్షణ తరగతులు ఆపమని రాశాడు. ఆయన చెప్పిందాంట్లో బలం ఉంది. ప్రతి తడబాటునీ ఒక జాబితాలో వేసి మనుషులకి మార్కులు వేసే శిక్షణలు నేనూ చూశాను. బయటికొచ్చాక ఎవరూ ఎవరితో మాట్లాడలేదు, అంతే తేడా.

అయినా "చిన్నది" అన్నది అన్నవాడి కొలత. వాడికి ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆవిడకి వినడం ఆ నెలలో తొమ్మిదోసారి. ముందు ఎనిమిది మంది అన్నది తొమ్మిదోవాడికి తెలియదు, తెలిసే దారి కూడా లేదు. అందుకే వాడికి ఆవిడ కోపం కొండంతగా కనిపిస్తుంది. ఎనిమిది మంది బాకీ తొమ్మిదోవాడి దగ్గర వసూలు చెయ్యడం న్యాయమా అంటే, కాదు. కానీ మనుషులం కదా, ఒక్కోసారి అలాగే జరుగుతుంది. ఆ తొమ్మిదోవాడు మీరే అయితే, మీ ఒక్క మాటకే అంత కోపం రాలేదని గుర్తుపెట్టుకోండి.

"మనోభావాలు దెబ్బతిన్నాయి" అనడం ఇప్పుడు ఫ్యాషనైపోలేదా?

ఆ మాటని జోకుల్లో వాడి వాడి మనమే దాని పరువు తీశాం. ఊరికే ఆ జెండా పట్టుకుని తిరిగేవాళ్లు ఉన్నారు, కాదనను. నేను ఒకటి చూస్తాను: ఆ మనిషి ఏం అడుగుతున్నాడు? నిజంగా నొచ్చుకున్నవాళ్లు అడిగేది సాధారణంగా చాలా చిన్నది. నా పేరు సరిగ్గా పలకండి, ఆ మాట నా ముందు అనకండి, అంతే. పదిమందినీ పోగుచేసి, మీరు మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప ఊరుకోనంటే అది వేరే వ్యవహారం.

ఒకే జాతికి చెందిన ఇద్దరు సహోద్యోగుల పేర్లు తారుమారు చేశాను. ఘోరమా?

ఇది నాకూ జరిగింది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

మా టీమ్‌లో తూర్పు ఆసియా మూలాలున్నవాళ్లు ఇద్దరుండేవాళ్లు. ఒకతను నాకంటే పొడుగు, కళ్లజోడు. ఇంకొకతను పొట్టి, గడ్డం. అయినా ఒక రోజు అందరి ముందూ పొడుగతన్ని పొట్టి అతని పేరుతో పిలిచి, అతను చెయ్యని పనికి మెచ్చుకున్నాను. అతను సరిదిద్దలేదు. పక్కనున్నవాళ్లు దిద్దారు. "పర్లేదు, ఈ వారంలో మీరు మూడోవారు" అన్నాడు నవ్వుతూ. నవ్వు మొహం మీదే ఆగిపోయింది, కళ్లదాకా రాలేదు.

దీని వెనక ఒక సంగతి ఉంది. మనుషులు తమ జాతి మొహాలని గుర్తుపట్టినంత సులువుగా వేరే జాతి మొహాలని గుర్తుపట్టలేరని 1969 నుంచీ ప్రయోగాల్లో తేలుతూనే ఉంది. అన్ని జాతులవాళ్లలోనూ ఉందిది. పుట్టుకతో వచ్చేదీ కాదు. మూడు నెలల పిల్లలు అన్ని రకాల మొహాల్నీ విడివిడిగా గుర్తుపడతారు. తొమ్మిది నెలలొచ్చేసరికి, చుట్టూ రోజూ చూసే రకం మొహాల మీదే చూపు పదునెక్కుతుంది. ఇంకో ముచ్చట: చిన్నప్పుడే కొరియా నుంచి ఫ్రాన్స్‌కి దత్తత వెళ్లి పెరిగిన పిల్లల్ని పెద్దయ్యాక పరీక్షిస్తే, వాళ్లు కొరియా మొహాలకన్నా ఫ్రెంచివాళ్ల మొహాలనే బాగా గుర్తుపట్టారు. 2005లో వచ్చిన పరిశోధన ఇది. అంటే ఇదంతా కంటికి అలవాటు. అలవాటు గనక మార్చుకోవచ్చు. సాకుగా చెప్పుకోవడానికి మాత్రం వాడకండి. "మీరంతా నాకు ఒకేలా కనపడతారు, సైన్స్ కూడా అదే అంది" అంటే చెంపదెబ్బ కొట్టి డాక్టరు చీటీ చూపించినట్టుంటుంది.

నేను చేసిందేమిటంటే, ఆ సాయంత్రం అతని డెస్క్ దగ్గరికి వెళ్లి, "పేరు తప్పు పిలిచాను. ఆ పని మీది కాదని కూడా నాకు తెలిసుండాల్సింది. సారీ" అన్నాను. అతను తల ఊపాడు. ఆ తర్వాత ఎవరినైనా పిలిచే ముందు ఒక్క క్షణం మొహం చూడటం నేర్చుకున్నాను. మొదట్లో ఇబ్బందిగానే ఉండేది.

పేరు నోరు తిరగడం లేదు. కుదించి పిలవచ్చా?

వాళ్లు కుదించుకుంటే పిలవండి. మీరు కుదించకండి. ఒకసారి అడిగి, నేర్చుకుని, తప్పితే మళ్లీ అడగండి. మన పొడుగాటి ఇంటిపేర్లూ పేర్లూ అవతలివాళ్లు ముక్కలు చేస్తే మనకెలా ఉంటుందో తెలుసుగా.

మెచ్చుకున్నా కూడా ఎందుకు బాధపడతారు?

మెచ్చుకోలు వెనక దాక్కున్న ఆశ్చర్యం వల్ల. "మీ ఇంగ్లీషు చాలా బాగుందే!" అంటే, బాగోదనుకున్నానని అర్థం. "మీవాళ్లలో మీరు వేరు" అంటే మెచ్చింది ఒకరిని, తిట్టింది లక్షల మందిని. "మీవాళ్లు లెక్కల్లో దిట్ట కదా" కూడా ఇంతే. రాత్రంతా కూర్చుని చదివిన పిల్ల కష్టాన్ని రక్తం ఖాతాలో వేసేశారు. పనిని మెచ్చుకోండి: "ఆ రిపోర్టులో రెండో పేజీ చాలా స్పష్టంగా ఉంది." ఇందులో ఎవరి పూర్వీకులూ రారు.

వాళ్ల జుట్టు ముట్టుకుని చూడొచ్చా?

వద్దు.

"అడిగి ముట్టుకుంటే?" అని కూడా అడుగుతారు. అడగకపోవడమే మంచిది. కాదనడం వాళ్లకి ఇబ్బంది. దక్షిణాఫ్రికాలో 1950 నాటి జనాభా నమోదు చట్టం కింద మనుషుల్ని జాతుల వారీగా విడగొట్టినప్పుడు, అనుమానం ఉన్నవాళ్ల జుట్టులో పెన్సిల్ గుచ్చేవాళ్లు. జారి కింద పడితే ఒక జాతి, చిక్కుకుని ఆగితే ఇంకొకటి. ఏ పేటలో ఉండాలి, ఏ బడికి వెళ్లాలి, ఎవరిని పెళ్లాడాలి అన్నది ఆ జాతి ముద్రే తేల్చేది. జుట్టు సంగతి వస్తే ఇప్పటికీ కొందరు ఎందుకు బిగుసుకుపోతారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. మొన్నమొన్న, 2019లో, సహజమైన జుట్టు తీరుని చూసి బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సి వచ్చింది.

ఒకరిని గుర్తుపట్టించడానికి రంగు చెప్తే తప్పా?

తప్పు కాదు. చెప్పకుండా మెలికలు తిరగడమే ఒక్కోసారి వికారంగా ఉంటుంది. 2006లో మైఖేల్ నార్టన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక ఆట ఆడించారు. బల్ల మీద బోలెడు ఫొటోలు. ఎదుటివాడి మనసులో ఉన్న ఫొటో ఏదో అవును, కాదు ప్రశ్నలతో పట్టుకోవాలి. "నల్లజాతి మనిషా?" అని ఒక్కటి అడిగితే సగం ఫొటోలు పోతాయి. కానీ ఎదురుగా నల్లజాతి భాగస్వామి కూర్చుంటే, తెల్లవాళ్లలో చాలామంది ఆ ప్రశ్న దగ్గరికే పోకుండా చుట్టూ తిరిగారు. ఆటలో వెనకబడటమే కాదు, రంగు ఊసెత్తకుండా తప్పించుకున్నవాళ్ల తీరు ఎదుటివాళ్లతో కలుపుగోలుగా లేదని కూడా తేలింది. మర్యాద అనుకుని దాచింది ముభావంగా కనిపించింది.

"నాకు రంగే కనపడదు" అనేవాళ్లకి కూడా ఇదే జవాబు. కనపడుతుంది. మీకు కనపడనిది ఆ రంగు వల్ల వాళ్లు రోజూ ఎదుర్కొనేది.

గదిలో ఆరుగురుంటే "ఎర్ర చొక్కా ఆయన" అన్నా సరిపోయే చోట రంగు అక్కర్లేదు. అవసరమైతే మామూలు గొంతుతో చెప్పండి, గుసగుసగా కాదు. గుసగుసగా చెప్తే అది బూతైపోతుంది.

మన భాషలో అనుకుంటే వాళ్లకి తెలియదు కదా?

తెలుస్తుంది. మాట తెలియకపోయినా, లిఫ్టులో ఇద్దరు తమ వైపు ఒక చూపు చూసి, తమ భాషలో ఏదో అని, పెదాలు బిగబట్టి నవ్వితే ఎవరికైనా తెలుస్తుంది. మీరూ అలాంటి లిఫ్టులో ఒకసారైనా అవతలి వైపు నిలబడే ఉంటారు.

అసలు సంగతి రంగు పేరులో లేదు. తెలుగులో మర్యాద మాట చివర ఉంటుంది. "నల్లజాతి ఆయన" అన్నా, "తెల్లావిడ" అన్నా ఫర్వాలేదు. "నల్లోడు", "తెల్లోడు", "నల్లది" అన్నప్పుడు ఆ చివరి ముక్క మనిషిని ఒక మెట్టు కిందకి దింపేస్తుంది. మేనేజరు ఎదురుగా ఉంటే "ఆయన" అని, వెనక "నల్లోడు" అంటే, ఆ రెండింట్లో మీ మనసులో ఉన్నది ఏదో మీ ఇంట్లో పిల్లలకి కూడా అర్థమైపోతుంది.

జోకులు కూడా వెయ్యకూడదా?

వెయ్యండి. జోకుకి నవ్వాల్సిన భారం ఎవరి మీద పడుతోందో చూసుకోండి. పదిమంది మధ్య ఒకే ఒక్కడున్నప్పుడు వాడి జాతి మీద జోకేస్తే, నవ్వకపోతే వాడు ముభావి, నవ్వితే మళ్లీ వేస్తారు. ఇద్దరు స్నేహితులు ఏళ్ల తరబడి ఒకరినొకరు ఆటపట్టించుకోవడం వేరు. పక్కన విన్నవాడు మర్నాడు అదే జోకు ఎత్తుకుని వచ్చి, "మీరనుకుంటారుగా" అంటే అది చెల్లదు. ఆ చనువు వాళ్లు సంపాదించుకున్నది, వీడికి అప్పివ్వలేదు.

సారీ ఎలా చెప్పాలి?

"మీకు బాధ కలిగి ఉంటే సారీ" వద్దు. ఆ "ఉంటే"తో నేరం అవతలి మనిషి మనసు మీదకి పోతుంది. "నేను అలా అనకుండా ఉండాల్సింది, సారీ" చాలు. తర్వాత నోరు మూసుకోవాలి, కష్టమంతా అక్కడే ఉంది. నోరు తెరిస్తే మీ చిన్ననాటి నల్లజాతి స్నేహితుడు, మీరు చదివిన పుస్తకాలు, మీ మంచితనం ఒక్కొక్కటే బయటికొస్తాయి. చివరికి బాధపడ్డ మనిషే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

నన్నే ఎవరో ఏదో అన్నారు. అప్పటికప్పుడు ఏం చెయ్యాలి?

అప్పటికప్పుడు ఏదో ఒకటి చెయ్యాలన్న రూలు లేదు. చాలామందికి సరైన జవాబు బాత్రూమ్‌లో మొహం కడుక్కుంటున్నప్పుడు తడుతుంది. మర్నాడు చెప్పినా చెల్లుతుంది: "నిన్న మీరన్న మాట నాకు ఇంకా గుచ్చుకుంటోంది."

అక్కడే అనాలనిపిస్తే, నాకు తెలిసిన వాటిలో బాగా పనిచేసేది అమాయకంగా అడగడం. "అర్థం కాలేదు, అంటే ఏంటి?" నిజంగా తెలియక అన్నవాడైతే చెప్పబోయి మధ్యలో తనే ఆగిపోతాడు. తెలిసి అన్నవాడైతే పదిమంది ముందూ దాన్ని విడమరిచి చెప్పాల్సి వస్తుంది. రెండూ మీకు లాభమే. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు, అర్ధరాత్రి రైల్లోనో బస్సులోనో ఎవరో తూలుతూ అరిస్తే, ఏ మాటా వద్దు. అక్కణ్ణుంచి జరిగిపోండి. అక్కడ పరువు కంటే ప్రాణం ముఖ్యం.

నేనే అతిగా ఆలోచిస్తున్నానేమో అనిపిస్తుంది. ఎలా తెలుసుకోవాలి?

ఒక్కోసారి తెలియదు, అదే ఇందులో అన్నిటికంటే అలసట తెప్పించేది. కౌంటర్ దగ్గర అమ్మాయి మీతో విసుక్కుంది. రంగు వల్లా? పొద్దున్నే ఇంట్లో గొడవ పడి వచ్చిందా? వరసలో మీ ముందున్నవాళ్లతో ఎలా ఉందో చూడొచ్చు. వాళ్లతోనూ విసుక్కుంటే, బతికిపోయారు. మీ ఒక్కరితోనే అయితే అనుమానానికి కారణం ఉంది, రుజువు లేదు. ఒక్కసారికి వదిలెయ్యడం పిరికితనం కాదు. అదే కౌంటర్, అదే తీరు, మూడుసార్లైతే ఇక అది మీ ఊహ కాదు.

నమ్మకమైన స్నేహితులకి చెప్పుకోండి. ప్రతిసారీ "వదిలెయ్" అనేవాడికీ వద్దు, ప్రతిసారీ "కేసు పెట్టు" అనేవాడికీ వద్దు.

వేరే వాళ్లని అన్నప్పుడు నేను చూస్తూ ఊరుకున్నాను. ఎందుకలా?

మీరొక్కరే కాదు. టొరంటోలో కెర్రీ కవాకామి అనే పరిశోధకురాలి బృందం ఒక ప్రయోగం చేసింది. నల్లజాతి మనిషి ఒకరు గదిలోంచి వెళ్తూ తెల్లవాడి మోకాలికి తగులుతాడు. అతను వెళ్లాక తెల్లవాడు జాతి పేరుతో ఒక మాట విసురుతాడు. ఇద్దరూ నటులే, చూస్తున్నవాడికి ఆ సంగతి తెలియదు. ఇలా జరిగితే ఏం చేస్తారని వేరేవాళ్లని అడిగితే, చాలా బాధపడతామని, అలాంటివాడితో కలిసి పనిచెయ్యమని చెప్పారు. నిజంగా ఆ గదిలో కూర్చున్నవాళ్లు మాత్రం పెద్దగా చలించలేదు. సగానికి పైగా మంది తర్వాతి పనికి ఆ తెల్లవాడినే జోడీగా ఎంచుకున్నారు. 2009లో వచ్చిన ఫలితాలివి. చదివినప్పుడు నాకు కోపం రాలేదు, నేను ఊరుకున్న రెండు సందర్భాలు గుర్తొచ్చాయి.

అలా అన్నవాళ్లకి అడ్డు చెప్తే వింటారా? అప్పుడు చిరాకు పడతారు, మిమ్మల్ని తిట్టుకుంటారు. కానీ 2006లో అలెగ్జాండర్ చోప్, మార్గో మాంటీత్ బృందం చూసిందేమిటంటే, అలా ఎవరో నిలదీసినవాళ్లు తర్వాత అలాంటి ముద్రలు వెయ్యడం తగ్గించారు. ప్రసంగం అక్కర్లేదు. "ఆ మాట వద్దులే" అన్నా చాలు. ఆ తర్వాత అవమానం పాలైన మనిషి దగ్గరికి వెళ్లి "బాగానే ఉన్నారా?" అనండి. మీ ధైర్యం గురించి చెప్పకండి.

ఇంట్లో పెద్దవాళ్లు అలా మాట్లాడితే?

డెబ్భై ఏళ్ల మామయ్యని భోజనాల దగ్గర అందరి ముందూ సరిదిద్దితే ఆయన మారడు, మీతో మాట్లాడటం మానేస్తాడు. పక్కకి పిలిచి, "మామయ్యా, నా ఫ్రెండ్ వస్తున్నాడు, వాడి ముందు ఆ మాట అనకు, నాకు తలవంపులుగా ఉంటుంది" అనండి. సిద్ధాంతం కంటే మేనల్లుడి పరువు ఎక్కువ పనిచేస్తుంది.

బస్సులో మా పాప "ఆయనెందుకు అంత నల్లగా ఉన్నాడు?" అని గట్టిగా అడిగేసింది!

మీరు తొడ మీద గిల్లి ఉంటారు. గిల్లితే పాపకి తెలిసేది ఒక్కటే, అది ఏదో చెడ్డ విషయమని. "అందరి చర్మంలోనూ మెలనిన్ అని రంగు ఉంటుందమ్మా, ఒక్కొక్కరికి ఒక్కో పాళ్లలో. నీ చెయ్యీ నా చెయ్యీ పక్కన పెట్టి చూడు, ఒకేలా ఉన్నాయా?" అంటే సరిపోతుంది. ఆయన వింటే ఒక చిరునవ్వు నవ్వండి.

పిల్లలకి ఇవేం తెలియవనుకోకండి. 1940ల ప్రాంతంలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు మూడు నుంచి ఏడేళ్ల నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగితే, ఎక్కువమంది తెల్ల బొమ్మనే చూపించారు. నీలా ఉన్నది ఏది అని తర్వాత అడిగితే కొందరు ఏడ్చారు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో జాతుల వేర్పాటు చెల్లదన్న తీర్పులో క్లార్క్ పరిశోధననూ ప్రస్తావించింది.

తెల్లవాళ్లని అంటే మాత్రం ఎవరూ పట్టించుకోరేం?

ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఏ రంగుకీ మినహాయింపు లేదు. రంగు చూసి మనిషిని కించపరిస్తే కించపరచడమే. అయితే అన్ని మాటలకీ ఒకే బరువు ఉండదు. మాట వెనక ఉన్న చరిత్రని బట్టి బరువు మారుతుంది. పైన జుట్టు ప్రశ్నలో పెన్సిల్ సంగతి చెప్పాను కదా.

ఫిర్యాదు ఎప్పుడు చెయ్యాలి?

ఒకసారి నోరు జారి, చెప్పగానే దిద్దుకుంటే అక్కర్లేదు. చెప్పాక కూడా ఆపకపోతే, బూతు పేరు వాడితే, మీ జీతం, ప్రమోషన్, మార్కులు, ఇల్లు అద్దెకి దొరకడం లాంటి వాటిదాకా వస్తే చెయ్యాలి. తేదీ, సమయం, అన్న మాట అన్నట్టుగా, పక్కన ఎవరున్నారు అన్నది ఆ రోజే రాసిపెట్టుకోండి. "ఎప్పుడూ ఇలాగే అంటాడు" అన్నది విచారణలో నిలబడదు. "ఫలానా మంగళవారం ఇలా అన్నాడు" అన్నది నిలబడుతుంది.

ఇవన్నీ చదివాక వాళ్లతో మాట్లాడాలంటేనే టెన్షన్‌గా ఉంది.

ఉంటుంది. కొందరు ఆ టెన్షన్‌తో దూరంగా జరిగిపోతారు, దాంతో ఇంకా పాడవుతుంది. వేర్వేరు గుంపులవాళ్లు కలిసి మెలిసి ఉంటే పక్షపాతం తగ్గుతుందని, ముఖ్యంగా సమాన హోదాతో ఒకే పని కోసం కలిస్తే తగ్గుతుందని గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పాడు. దాని మీద జరిగిన 515 అధ్యయనాల్ని 2006లో పోగేసి చూస్తే మొత్తమ్మీద ఆ మాట నిలబడింది. కాబట్టి తప్పులు చేస్తూనే మాట్లాడండి. ఎప్పుడూ తప్పు మాట్లాడనివాడు బహుశా ఎవరితోనూ మాట్లాడనివాడై ఉంటాడు.

సారీ చెప్పాను. అయినా అవతలి మనిషి ఇదివరకటిలా లేరు. ఇంకేం చెయ్యాలి?

ఏమీ చెయ్యకండి. మళ్లీ సారీ చెప్పకండి, కానుకలు కొనకండి, కనపడ్డప్పుడల్లా అతి మర్యాద చూపించకండి. రోజూ చేసే పనే మామూలుగా చెయ్యండి. మెయిల్‌కి జవాబివ్వండి, మీటింగ్‌లో వాళ్ల మాట పూర్తవ్వనివ్వండి. ఎంత కాలం పడుతుందన్నది వాళ్ల చేతిలో ఉంది.

నా విషయంలో నాలుగు నెలలు పట్టింది. ఒకరోజు లిఫ్టులో నా సొంత భాషవాడినే, రెండేళ్లుగా ఎదురు డెస్క్‌లో కూర్చునే మనిషినే, వేరే పేరుతో పిలిచాను. వెనక నిలబడ్డ పొడుగతను పగలబడి నవ్వాడు. "ఓహో, మీరు అందరితోనూ ఇంతేనా!" అన్నాడు.